చల్లారని గాజు

గౌసియాకు మంటంటే భయం. ఆ భయం పన్నెండో ఏట పట్టుకుంది. ఆత్మకూరులో వాళ్ళ మేనత్త గ్యాసు పొయ్యి మీద పాలు దించుతుంటే పైట కొంగు అంటుకుంది. మేనత్త బతికింది గాని మెడ నుంచి చెవి దాకా చర్మం ముడుచుకుపోయింది. ఆ పొద్దు వంటింటి గడప దగ్గర నిలబడి చూసింది గౌసియానే. నీళ్ళ బిందె పక్కనే ఉన్నా ఆమె చెయ్యి కదల్లేదు. పన్నెండేళ్ళ పిల్లను ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆ తర్వాత లైటరు నొక్కిన ప్రతిసారీ ఆమె మొహం దానంతటదే పక్కకు తిరిగిపోయేది.

పెళ్ళయి కడపకు వచ్చాక ఈ సంగతి మొదట కనిపెట్టింది భర్త హజరత్ వలి. అతను నాపరాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్లో సూపర్‌వైజరు. మాటలు తక్కువ. భార్య చెయ్యి ముందుకు చాపి, తల వెనక్కి తిప్పి పొయ్యి వెలిగించడం కొన్నాళ్ళు చూశాడు. నవ్వలేదు, ఎందుకని అడగలేదు. రెండేళ్ళ క్రితం రాళ్ళ లోడుతో బెంగళూరు వెళ్ళి వస్తూ అట్టపెట్టెలో ఒక కరెంటు పొయ్యి తెచ్చాడు. పైన నల్లటి గాజు పలక, దాని అడుగున రెండు కాయిల్సు, ముందు వైపు రెండు నాబులు. నాబు తిప్పితే గాజు కింద ఎర్రటి చుట్ట వెలుగుతుంది. మంట లేదు, గ్యాసు వాసన లేదు. ఇండక్షన్ పొయ్యిలాగా ఫలానా రకం గిన్నెలే కావాలన్న పేచీ కూడా లేదు. అత్తగారి కాలం నాటి అల్యూమినియం గిన్నెలు కూడా దాని మీద ఉడికేవి.

వంటింటి గట్టుకు అతను తన యూనిట్లోనే కడప బండకు అద్దంలా మెరిసేలా పాలిష్ పట్టించి వేయించాడు. అందులో గాడి కోయించి, గాజు పలక బండతో సమానంగా ఉండేలా పొయ్యిని దింపాడు. నల్ల బండలో నల్ల గాజు. బండ ఎక్కడ ఆగి గాజు ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమితే తప్ప తెలిసేది కాదు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. గౌసియా కాపురానికి వచ్చాక మొదటిసారి మొహం ముందుకు పెట్టి, కళ్ళు తెరుచుకుని వంట చేసింది. పొయ్యితో పాటు వచ్చిన చిన్న పుస్తకం మాత్రం పాలిథిన్ కవరు విప్పకుండానే బీరువా మీదికి చేరింది.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు చాంద్ బేగం. అరవై రెండేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా షుగరు. కుడి కంట్లో శుక్లం ముదిరింది, ఎడమ కంట్లో మొదలైంది. ఆపరేషను మాట ఎత్తితే షుగరు దిగనీ అని వాయిదా వేసేది. ఏడాది క్రితం ఆమె అరికాల్లో రేకుముక్క దిగితే రెండు రోజుల పాటు ఆమెకు తెలియనే లేదు. నేల మీద మరకలు చూసి గౌసియా కనిపెట్టింది. డాక్టరు కాళ్ళను అక్కడక్కడా సూదితో తాకి చూసి, పాదాల్లో స్పర్శ పోయిందని, చేతులకు కూడా వస్తోందని, జాగ్రత్తగా ఉండమని చెప్పాడు. ఇంట్లో వాళ్ళు కాళ్ళ మాట పట్టించుకున్నారు. నట్టింట్లో కూడా చెప్పులు వేసుకునే తిరగాలన్నారు. గౌసియా రోజూ సాయంత్రం ఆమె అరికాళ్ళు చూసేది. చేతుల మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఆ చేతులు పొద్దస్తమానం ఏదో ఒక పని చేస్తూ కనబడేవి మరి.

ఇంట్లో అన్ని వంటలూ గౌసియా చేసినా జొన్నరొట్టె మాత్రం చాంద్ బేగమే తట్టాలి. పొయ్యికి కుడిపక్క బండ మీద పిండి చల్లి, ఎడమ చెయ్యి బండకు ఆనించి ఒంటి బరువంతా దాని మీద మోపి, కుడిచేత్తో తట్టేది. మోకాళ్ళ నొప్పులతో అలా ఆనుకోకపోతే నిలబడలేకపోయేది.

అది జూలై నెల, శనివారం. నాలుగు రోజులుగా గాలి విపరీతంగా వీస్తోంది, ఎక్కడో ఒక చోట తీగలు తెగుతూనే ఉన్నాయి. పొద్దున ఎనిమిది దాటాక గౌసియా కుడిపక్క పొయ్యి మీద పప్పు పెట్టి, అది ఉడకవచ్చాక నాబు బాగా తగ్గించి సన్న సెగ మీద ఉంచింది. ఐదు నిమిషాలకే కరెంటు పోయింది. గాజు కింది ఎరుపు ఆరిపోయింది. గాజు వేడిగా ఉందని చెప్పడానికి ముందు వైపు ఒక చిన్న ఎర్రదీపం ఉంటుంది. కరెంటు పోవడంతో అదీ ఆరిపోయింది. పొయ్యి నల్లగా, బండతో కలిసిపోయింది. పప్పు ఎట్లాగూ మెత్తబడింది కాబట్టి ఆమె గిన్నె దించి తాలింపు లేకుండానే డబ్బాలో సర్దింది. హజరత్ వలి డబ్బా తీసుకుని యూనిట్‌కు వెళ్ళిపోయాడు.

ఇంకో అరగంటకు ఆమె బడికి బయలుదేరింది. చిన్నచౌకు దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి లెక్కలు చెబుతుంది. భర్త పొద్దున తెచ్చిన కూరగాయల ప్లాస్టిక్ బుట్ట నేల మీద ఉంది. చీమలు పట్టేలా ఉన్నాయని దాన్ని ఎత్తి, చేతికి దగ్గరగా ఖాళీగా కనబడిన చోట పెట్టింది. చెప్పులేసుకుంటూ, అత్తకు చెప్పి, ఎర్రముక్కపల్లె వీధిలోంచి ఆటో పట్టుకుని వెళ్ళిపోయింది.

బడిలో కూడా కరెంటు లేదు. ఇంటి వీధికీ ఈ బడికీ కరెంటు ఒకేసారి పోయి ఒకేసారి వస్తుందని ఆమె రెండేళ్ళుగా గమనిస్తూనే ఉంది. పది గంటల ముప్పై అయిదు నిమిషాలకు బోర్డు మీద భిన్నాల లెక్క రాస్తుండగా తల మీద ఫ్యాను కిర్రుమని కదిలింది. పిల్లలంతా ఒక్కసారిగా హాయిగా గాలి పీల్చారు. గౌసియా చేతిలో సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది.

నాబు తిప్పి ఆపిన గుర్తు లేదు.

ఆమె కళ్ళు మూసుకుని పొద్దుటి పనులన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంది. గిన్నె దించింది. గరిటె కడిగింది. డబ్బా మూత బిగించింది. నాబు మీద తన వేళ్ళు ఆనిన జ్ఞాపకం ఎంత వెతికినా దొరకలేదు. ఎరుపు ఆరిపోయింది కాబట్టి పొయ్యి ఆగిపోయిందనే అనుకుంది. తర్వాత బుట్ట గుర్తుకొచ్చింది. బుట్టను పెట్టింది బండ మీద కాదు. గాజు మీద. ఆ బుట్టలో బెండకాయల పైన లీటరు నూనె పాకెట్టు ఉంది.

పక్క తరగతి టీచరుకు పిల్లల్ని అప్పజెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌కు రెండు ముక్కలు చెప్పి మెట్లు దిగుతూనే చాంద్ బేగం నంబరుకు చేసింది. స్విచాఫ్ వచ్చింది. పొద్దున్నుంచి కరెంటు లేదు కదా, ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. భర్తకు చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. రాళ్ళు కోసే మిషన్ల మధ్య అతనికి ఫోను వినబడదు. కింది వాటాలో ఉండే జ్ఞానమణికి చేసింది. ఆమె రిటైరైన నర్సు, వీధిలో అందరూ సిస్టరమ్మ అంటారు. ఆమె కూడా ఎత్తలేదు.

ఆటో దొరికింది గాని గాలికి దుమ్ము లేచి దారి సరిగ్గా కనిపించడం లేదు. సర్కిల్ దగ్గర ఆర్టీసీ బస్సు ఒకటి అడ్డంగా ఆగింది. దాని వెనక అరడజను ఆటోలు ఆగాయి. గౌసియా ముందుకు వంగి, పక్క సందులోంచి పోనిమ్మని డ్రైవరును అడిగింది. ఆయన అద్దంలో ఆమె మొహం చూశాడు.

"ఏమైండాదమ్మా?" అన్నాడు.

"ఇంట్లో పొయ్యి ఆపకుండా వచ్చినా అన్నా. ముసలామె ఒక్కతే ఉండాది."

ఆయన బండి సందులోకి తిప్పాడు.

దారి పొడుగునా ఆమె ఇంటివైపు ఆకాశం చూస్తూనే ఉంది. దుమ్ములో ప్రతిదీ పొగలాగే కనిపించింది. చాంద్ బేగం ఈ వేళకు ఏం చేస్తుంటుందో ఊహించడానికి ప్రయత్నించింది. పొద్దున టిఫిను తిని మాత్ర వేసుకుంటే ఆమెకు కునుకు పడుతుంది. పడుకుని ఉంటే పొగ తెలియదు. మెలకువగా ఉండి పొగ చూస్తే వంటింట్లోకే వెళుతుంది, అదింకా ప్రమాదం. కాలుతున్న నూనె మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో గౌసియాకు తెలుసు. అత్తకు తెలుసో తెలియదో ఎన్నడూ అడగలేదు. గడప దగ్గర కదలకుండా నిలబడ్డ పన్నెండేళ్ళ పిల్ల మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. ఈసారి తాను గడప దగ్గర కూడా లేదు.

వీధి మలుపు తిరిగేసరికి ఇల్లు కనిపించింది. కిటికీల్లోంచి పొగ రావడం లేదు. గుంపు లేదు. ఆమెకు ధైర్యం రాలేదు. లోపల మూసుకుని కాలుతుంటే బయటికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆటో ఆగకముందే దిగింది. పైకి పరిగెత్తబోయి మెట్ల కింద మీటరు బోర్డు దగ్గర ఆగింది. తమ వాటాది ఎడమ వైపుది. దాని మెయిన్ స్విచ్చు కిందికి లాగింది. అంత కంగారులో అది గుర్తుకు రావడం ఆమెకే ఆశ్చర్యమనిపించింది. తర్వాత రెండేసి మెట్లు ఎక్కి తలుపు బాదింది.

లోపల గడియ తీస్తున్న చప్పుడు. తలుపు తెరుచుకుంది. చాంద్ బేగం నిలబడి ఉంది. కుడిచేతికి మోచేతి దాకా జొన్నపిండి.

"ఇంత తొందరగా వచ్చినావే," అంది. "కరెంటు వచ్చినట్టే వచ్చి మళ్ళా పాయ."

గౌసియా ఆమెను దాటుకుని వంటింట్లోకి వెళ్ళింది. బుట్ట నేల మీద ఉంది, గోడ వారన. నూనె పాకెట్టు చెక్కుచెదరలేదు. బుట్ట అడుగున ఒక మూల మాత్రం మెత్తబడి, రూపాయి బిళ్ళంత మేర వంగింది. బండ మీద సగం కలిపిన పిండి ముద్ద. కుడి నాబు సన్న సెగ మీదే ఉంది. ఆమె దాన్ని సున్నాకు తిప్పి, ఎడమది కూడా తిప్పి చూసి, గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఏడుపు వచ్చింది.

చాంద్ బేగం గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పింది. కరెంటు రాగానే మధ్యాహ్నానికి రొట్టెలు చేద్దామని లేచిందట. బుట్ట అడ్డంగా ఉంటే తీసి కింద పెట్టిందట. ఫ్లాస్కులోని వేడినీళ్ళతో పిండి కలపడం మొదలుపెట్టిందట. బుట్ట ఇంకో పది నిమిషాలు అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో గౌసియా ఆలోచించలేదు. ఇల్లు ఉంది. మనిషి ఉంది. లేచి మొహం కడుక్కుందామనుకుంది.

"ఏందో వాసన వస్తాంది మే," అంది చాంద్ బేగం. "అప్పట్నుంచి యెతుకుతాండా. వెనకింటోళ్ళు చెత్త తగలబెడ్తాండారేమోనని కిటికీ కూడా మూసినా. అయినా పోలేదు."

గౌసియాకూ అప్పుడే ఆ వాసన తెలిసింది. ప్లాస్టిక్ వాసన కాదు. పక్కింటి చెత్త వాసన కాదు. ఆమె ముక్కుకు ఆ వాసన ఆత్మకూరు వంటింటి నుంచి తెలుసు. మెల్లగా తల తిప్పి అత్త ఎడమ చెయ్యి చూసింది. చాంద్ బేగం ఆ చేతిని చీర చెంగులో చుట్టుకుని ఉంది. ఏదో జిగటగా అంటుకుంటోందని, పిండి తడి అనుకుని చుట్టానని చెప్పింది.

గౌసియా చెంగు విప్పింది. అరచెయ్యి కింది భాగం, చిటికెన వేలు, దాని పక్క వేలు తెల్లగా, మైనంలా ఉన్నాయి. అంచుల్లో చర్మం లేచి ముడుచుకుంది. చిటికెన వేలి కొస గోధుమరంగుకు తిరిగింది. పిండి కలుపుతున్నంత సేపూ ఆ చెయ్యి గాజు మీద ఉంది. ఒంటి బరువంతా దాని మీద మోపి.

"నొప్పి లేదా అత్తా?"

"నొప్పెందుకు? ఏమైండాది?" అంటూ చాంద్ బేగం చేతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. అటూ ఇటూ తిప్పింది. ఆమె మొహంలో భయం అప్పుడు మొదలైంది. నొప్పి కోసం ఎదురుచూస్తున్నట్టు, అది ఎందుకు రావడం లేదో అర్థం కానట్టు, ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

గౌసియా పరుగున వెళ్ళి టూత్‌పేస్టు తెచ్చింది. మూత తీస్తుండగా జ్ఞానమణి మెట్లెక్కి వచ్చింది. పక్క వీధిలో ఒకరికి ఇంజెక్షను వేసి వస్తూ ఫోనులో పేరు చూసుకుని నేరుగా పైకి వచ్చానంది. చెయ్యి చూడగానే పేస్టు ట్యూబు లాక్కుని పక్కన పడేసింది. ముందు చాంద్ బేగం చేతి వెండి ఉంగరం, గాజులు తీసేసింది. వాపు వస్తే తర్వాత కోయాల్సి వస్తుందట. కుళాయి తిప్పి చూస్తే పైన ట్యాంకు నీళ్ళు ఎండకు వేడెక్కి ఉన్నాయి. కింద సంపులోంచి బక్కెట్లతో తెమ్మంది. గౌసియా నాలుగుసార్లు మెట్లు దిగి ఎక్కింది. చాంద్ బేగం చెయ్యి తొట్టి మీద పెట్టి జ్ఞానమణి చెంబుతో ధారగా పోస్తూనే ఉంది. ఇరవై నిమిషాలు పోయాలంది. ఐసు వద్దు, పసుపు వద్దు, ఏదీ పూయొద్దు. తర్వాత ఉతికిన తెల్లగుడ్డ వదులుగా కప్పి, ఆటో పిలవమంది.

చాంద్ బేగం ఆటోలో కూర్చుని, నొప్పి లేనిదానికి ఇంత కంగారెందుకని రెండుసార్లు అడిగింది. జ్ఞానమణి గుడ్డ జారకుండా ఆ చేతిని పైకెత్తి పట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరు నొప్పి ఉందా అని అడిగి, లేదనగానే పెదవి బిగించాడు. నొప్పి ఉంటే బాగుండేదని గౌసియాతో విడిగా చెప్పాడు. కాలిన గాయం లోతుగా దిగిందని, షుగరు ఉన్న ఒంట్లో చీము పడితే వేలితో ఆగదని, పది రోజులు గడిస్తే గాని ఏదీ చెప్పలేమని అన్నాడు. "వేలితో ఆగదు" అన్న మాట ఆమె చెవుల్లో ఉండిపోయింది.

హజరత్ వలి మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. బట్టల నిండా రాతిపొడి. మంచం పక్కన నిలబడి తల్లి చెయ్యి చూసి, ఎట్లా జరిగిందని అడిగాడు. గౌసియా నోరు తెరిచింది. ఆమె కంటే ముందు చాంద్ బేగం మాట్లాడింది.

"నేనే తిప్పినా రా పొయ్యి. రొట్టెలు చేద్దామని తిప్పి, మర్సిపోయి చెయ్యి పెట్టినా."

గౌసియా నోరు మూసుకుంది. ఆ క్షణంలో ఆమెకు కలిగింది ఊరటే. ఆ తర్వాత నాలుగు రోజులు ఆ ఊరటే ఆమెను తిననివ్వలేదు.

రోజు విడిచి రోజు కట్టు మార్చేవాళ్ళు. కట్టు విప్పేటప్పుడు గౌసియా పక్కనే ఉండేది. రెండో కట్టుకు పక్క వేలు కొంచెం ఎర్రబడింది, అది మంచిదన్నారు. చిటికెన వేలి కొస మాత్రం నల్లబడుతోంది. మొదట గోరంత మేర. మూడో కట్టు నాటికి మొదటి కణుపు దాకా. నర్సు వేలిని కత్తెర మొనతో తాకి, తెలుస్తోందా అని అడిగేది. చాంద్ బేగం గౌసియా మొహం చూసి, తెలుస్తోందనాలా తెలియలేదనాలా అన్నట్టు ఆగి, తెలియడం లేదనేది. ఒళ్ళు వెచ్చబడిందేమోనని గౌసియా గంటకోసారి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టేది. తన చేతికి తెలిసే వేడిని ఆమెకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. థర్మామీటరు పెట్టి చూసేది.

ఐదో రోజు చిటికెన వేలి కొస తీసేయాల్సిందేనని డాక్టరు చెప్పాడు. సంతకం పెట్టడానికి హజరత్ వలి కాగితం తీసుకుని వరండాలోకి వచ్చాడు. గౌసియా అతని వెనకే వచ్చింది.

"అత్త అబద్ధం చెప్పింది," అంది. "పొయ్యి ఆపకుండా పోయింది నేను. పప్పు పెట్టినప్పుడు కరెంటు పోతే, నాబు తిప్పకుండా వదిలేసినా. బుట్ట కూడా నేనే దాని మీద పెట్టినా."

అతను కాగితం వైపే చూస్తున్నాడు. వరండాలో జనం అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ వెళ్ళారు. అతను కోప్పడతాడని, కనీసం మొహం తిప్పుకుంటాడని ఆమె ఎదురుచూసింది.

"బండలో బండలాగా కలిసిపోవాలని గాజును దింపించింది నేను. అమ్మకు కండ్లు ఆనవని తెలిసి కూడా."

కాగితం గోడకు ఆనించి సంతకం చేశాడు. సంతకం వంకరగా వచ్చింది.

ఆపరేషను చిన్నదే. చాంద్ బేగం మెలకువగానే ఉండింది. మంచం మీదికి తెచ్చాక గౌసియా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, కొడుకుకు నిజం చెప్పేశానని చెప్పింది. చాంద్ బేగం విసుక్కుంది. ఎందుకు అబద్ధమాడావని గౌసియా అడిగింది.

"వాడు కోపంలో ఒక మాటంటాడు," అంది. "కాలిన చెయ్యి మానుతాది. ఆ మాట ఇంట్లో ఉండిపోతాది. నాకు అది భయమైంది మే."

పక్క వేలు దక్కింది. చీము పట్టలేదు. పద్దెనిమిదో రోజుకు ఇంటికి తెచ్చారు. అరచెయ్యి పూర్తిగా మానడానికి ఇంకా రెండు నెలలు పట్టింది, పక్క వేలు మడత పడకుండా బిగుసుకుపోయింది. అంతకంటే ఎక్కువ పోకపోవడం అదృష్టమని డాక్టరు అన్నాడు.

ఆ రోజుల్లో ఇంట్లో వంట లేదు. పొయ్యి మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. జ్ఞానమణి కింది నుంచి అన్నం, చారు పంపేది. గౌసియా నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళినా గట్టుకు మూరెడు దూరంగా నడిచేది. ప్లగ్గు పీకేసి ఉందని తెలుసు. అయినా ఆ నల్లటి పలక మీద ఎరుపు లేకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టేది. మంటయితే కనబడుతుంది, చప్పుడు చేస్తుంది, మనిషి దూరంగా జరుగుతాడు. ఇది ఏమీ చెప్పదు.

హజరత్ వలి ఒక సాయంత్రం పొయ్యి పీకేసి గ్యాసు కనెక్షను పెట్టిస్తానన్నాడు. గౌసియా వద్దనడానికి మొహం చెల్లక ఊరుకుంది. చాంద్ బేగమే అడ్డుపడింది. పిల్ల లైటరు ముట్టించలేక ఎట్లా వణికేదో తాను చూడలేదనుకుంటున్నారా అని అడిగింది. గ్యాసు తెస్తే మాత్రం తన చేతికి స్పర్శ వస్తుందా అంది. తప్పు పొయ్యిదో మనుషులదో ముందు తేల్చుకోమంది.

గౌసియా కుర్చీ వేసుకుని బీరువా మీద నుంచి ఆ పుస్తకం తీసింది. కవరు చింపి, ఇంగ్లీషు భాగం చదువుతూ ఇద్దరికీ తెలుగులో చెప్పింది. నాలుగో పేజీలో ఉంది. వాడుతుండగా కరెంటు పోతే నాబులు వెంటనే సున్నాకు తిప్పాలి, కరెంటు రాగానే పొయ్యి మళ్ళీ దానంతటదే వెలుగుతుంది. దాని కింద ఇంకో వాక్యం. వేడిని చూపే దీపం కరెంటు లేనప్పుడు వెలగదు, కాబట్టి దీపం లేదని గాజును తాకవద్దు. హజరత్ వలి పుస్తకం తీసుకుని, చదవలేకపోయినా ఆ వాక్యం మీద వేలు పెట్టి కాసేపు చూశాడు. ఆమె మిగతాది చదివింది. గాజును గట్టులా వాడకూడదు, చల్లగా ఉన్నప్పుడు కూడా దాని మీద ఏమీ ఉంచకూడదు. గాజు మీద చిన్న బీట కనబడినా స్విచ్చు కట్టేసి ఇక ముట్టుకోకూడదు, తడి లోపలికి దిగితే షాకు కొడుతుంది. చూపు తక్కువైనవాళ్ళు, స్పర్శ తెలియనివాళ్ళు ఒంటరిగా వాడకూడదు. ఈ చివరిది చదివినప్పుడు చాంద్ బేగం, నా మాట కూడా రాసినారే అంది.

ఆ ఆదివారం హజరత్ వలి యూనిట్ నుంచి తెల్లరాతి పట్టీలు తెచ్చాడు. గాజు చుట్టూ నాలుగు వైపులా బండను కోసి, వేలెడు ఎత్తున పైకి ఉండేలా ఆ పట్టీలు బిగించాడు. శుక్లం పట్టిన కంటికి కూడా నల్ల బండలో ఆ తెల్లగీత కనబడుతుంది. కన్ను మోసపోయినా గాజు మీదికి జారే చెయ్యి ఆ అంచుకు తగిలి ఆగుతుంది. పొయ్యికి ప్రత్యేకంగా ఒక స్విచ్చు వంటింటి గుమ్మం పక్కన పెట్టించాడు. బయటికి పోయేవాళ్ళు దాన్ని చూడకుండా పోలేరు. రొట్టెలు తట్టడానికి ఎదురుగోడ వైపు, పొయ్యికి నాలుగడుగుల దూరంలో విడిగా ఒక బండ వేశాడు. పెనం మీద వేసే పని ఇక గౌసియాది.

మొదటిసారి మళ్ళీ స్విచ్చు వేసిన పొద్దున గౌసియా పాలు మాత్రమే కాచింది. గాజు కింద ఎరుపు రాగానే ఆమె మొహం పాత అలవాటులో పక్కకు తిరిగింది. బలవంతంగా ముందుకు తిప్పుకుని చూస్తూ నిలబడింది. పాలు దించి, నాబు సున్నాకు తిప్పి, స్విచ్చు ఆపి, మళ్ళీ వచ్చి నాబు చూసింది. ఇది ఇప్పటికీ మానలేదు.

చాంద్ బేగం షుగరు కొంచెం దిగాక, నవంబరులో కుడికంటి ఆపరేషను చేయించారు. పచ్చకట్టు విప్పిన వారానికి ఆమె తనంతట తానే ఎదురు బండ దగ్గరికి వెళ్ళి పిండి కలిపింది. ఎడమ చెయ్యి పని చెయ్యాలంటే బిగుసుకుపోయిన వేలు అడ్డం వస్తోంది. మొదటి రొట్టె విరిగింది. రెండోది గుండ్రంగా రాలేదు గాని నిలబడింది. గౌసియా దాన్ని పెనం మీద వేసింది. బడి టైము దాటుతోంది. నాలుగు రొట్టెలయ్యాక నాబు తిప్పి, గుమ్మం పక్కన స్విచ్చు ఆపి, సంచి భుజాన వేసుకుని కూడా కదలలేక అక్కడే నిలబడింది. గాజు ఇంకా చల్లారలేదు. అత్త ఒక్కతే ఉంటుంది.

చాంద్ బేగం వెనక్కి తిరిగి చూసింది. పిండి చేతులు దులుపుకుంటూ వచ్చి, కోడలి భుజం పట్టుకుని తలుపు వైపు నడిపించింది.

"నేను కూడా భయపడ్తానే ఉండా," అంది. "అయినా పిల్లోళ్ళు ఎదురుచూస్తాంటారు. పోయిరా పో."

గౌసియా మెట్లు దిగింది. మలుపు దగ్గర ఆగి పైకి చూసింది. పైన తలుపు మూసుకున్న చప్పుడు, గడియ పడిన చప్పుడు వినబడ్డాయి. వీధిలోకి వచ్చి ఆటో ఎక్కింది.